బావగారు ఆగరు, అక్క నడవదు: ఎడారి పార్కులకు మళ్లీ అదే గుంపుతో వెళ్లాలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. కిందటి జూన్‌లో మా ఆయన, నేను, మా పదమూడేళ్ల అబ్బాయి, మా బావగారు, ఆయన భార్య (నేను అక్క అంటాను), మా ఆయన స్నేహితుడు ఒకాయన కలిసి గ్రాండ్ క్యాన్యన్‌కి క్యాంపింగ్‌కి వెళ్లాం. లోయలోకి దిగే సౌత్ కైబాబ్ ట్రెయిల్‌లో సీడర్ రిడ్జ్ దాకా వెళ్లి వచ్చేయాలని అనుకున్నారు. అక్కా నేనూ పైనే ఉండిపోయాం. మా ఆయన మోకాలు నొప్పితో సీడర్ రిడ్జ్ నుంచి తిరిగొచ్చేశారు. బావగారు మాత్రం "ఇంకొక్క మలుపు చూసొద్దాం" అంటూ మా వాణ్ణి స్కెలిటన్ పాయింట్ దాకా తీసుకెళ్లారు. చేతిలో చెరో చిన్న నీళ్ల బాటిల్. పైకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. దారిలో వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "మగపిల్లాడు, ఇదో అనుభవం" అని నవ్వేశారు. మా ఆయన నోరు విప్పలేదు.

అక్కకి టెంట్ అంటేనే చిరాకు, రోజంతా సణుగుడే. స్నేహితుడేమో రాత్రి పదకొండుకి స్పీకర్‌లో పాటలు పెట్టి, పక్క సైటువాళ్లు వచ్చి అడిగేదాకా ఆపలేదు. ఖర్చుల లెక్క ఇప్పటికీ తేల్చలేదు. వంటా గిన్నెలూ అక్కా నేనూ, మా ఇద్దరి నెత్తినే పడ్డాయి. ఇప్పుడు అక్టోబర్‌లో అదే గుంపుతో యూటా వెళ్తున్నాం. లాస్ వేగాస్‌లో దిగి, ఏడు రోజుల్లో జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్ నేషనల్ పార్కులు చూసి మళ్లీ వేగాస్ చేరాలి. గంట గంటకీ ఎక్సెల్‌లో ప్లాన్ వేసింది నేనే. సైట్లు బుక్ అయిపోయాయి. మానేస్తే మాటొస్తుంది, వెళ్లాలంటే భయం. ఏం చేయమంటారు?

సమాధానం: వెళ్లండి. కానీ ఇప్పుడున్న ప్లాన్‌తో వద్దు. మీ బావగారితో మీవాణ్ణి ఒంటరిగా ఏ ట్రెయిల్‌కీ పంపకండి. మిగతావన్నీ మాట్లాడుకుని సర్దుకోవచ్చు, ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు.

మీ ఉత్తరంలో నలుగురి మీద ఫిర్యాదులున్నాయి. నలుగురినీ ఒకే గాటన కట్టేశారు. స్పీకర్‌లో పాటలు పెట్టేవాడు విసిగిస్తాడు, సణిగేవాళ్లు నీరసం తెప్పిస్తారు, డబ్బులివ్వని వాడి మీద ఒళ్లు మండుతుంది. వీళ్లవల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాదు. జూన్‌లో, నీళ్లు దొరకని దారిలో, చిన్న బాటిల్‌తో పిల్లవాణ్ణి మూడు మైళ్లు కిందికి దించిన మనిషి వేరు. ఆ రోజు జరిగింది చిన్న విషయమేమో, నేనే పెద్దది చేస్తున్నానేమోనన్న అనుమానం మీ రాతలో అక్కడక్కడా కనిపిస్తోంది. చిన్నదేం కాదు.

సౌత్ కైబాబ్ ట్రెయిల్‌లో ఎక్కడా నీళ్లు లేవు, నీడా అంతంతమాత్రమే. సీడర్ రిడ్జ్ పై అంచు నుంచి ఒకటిన్నర మైళ్లు. అక్కడికే వెయ్యి అడుగులకు పైగా దిగాలి. స్కెలిటన్ పాయింట్ మూడు మైళ్లు, దిగుడు రెండు వేల అడుగులు. ఎండాకాలంలో సీడర్ రిడ్జ్ దాటి వెళ్లొద్దని పార్కువాళ్లే చెబుతారు. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండలో నడక పెట్టుకోవద్దని కూడా చెబుతారు. మామూలు కొండ ఎక్కితే కష్టమంతా ముందే అయిపోతుంది, ఒంట్లో ఓపిక అయిపోగానే వెనక్కి దిగిపోవచ్చు. లోయలో లెక్క తిరగబడుతుంది. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, దిగుతున్నకొద్దీ వేడి పెరుగుతుంది, ఎక్కాల్సింది సరిగ్గా మిట్టమధ్యాహ్నం వస్తుంది. దిగడానికి పట్టిన దానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుందని లెక్క వేసుకోవాలి. "ఇంకొక్క మలుపు" అన్న ప్రతిసారీ మీవాడు రెండు మలుపుల బాకీ పడ్డాడన్నమాట. వద్దు పెదనాన్నా అనడం పదమూడేళ్లవాడికి చేతకాదు. ఆ మాట అనాల్సింది వాడు కూడా కాదు.

ఇక అక్టోబర్ సంగతి. యూటాలో అప్పటికి ఎండ తగ్గుతుంది కాబట్టి వడదెబ్బ భయం తక్కువ. కానీ బావగారి "ఇంకొక్క మలుపు" జయాన్‌లో ఇంకో రూపంలో వస్తుంది. ద నారోస్ అని నది పారే ఇరుకు లోయ ఒకటుంది, నీళ్లలోనే నడుచుకుంటూ పోవాలి. తలపైన ఆకాశం నీలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో వాన పడితే ఆ నీరంతా లోయలోకి తన్నుకొస్తుంది. 2015 సెప్టెంబర్‌లో అదే పార్కులోని కీహోల్ క్యాన్యన్ అనే ఇరుకు లోయలో ఉన్నట్టుండి వరద వచ్చి, వెళ్లిన ఏడుగురూ చనిపోయారు. కాబట్టి "ఆకాశం చూడు, ఒక్క మబ్బు లేదు" అన్న మాటకి అక్కడ విలువ లేదు. ఆ రోజు వరద సూచన ఏముందో విజిటర్ సెంటర్‌లో చెబుతారు, దాన్నే నమ్మాలి.

మీరిప్పుడు చేయాల్సిన మొదటి పని మీవారితో మాట్లాడడం. తమ్ముడి భార్య పెద్దాయనకి ఎదురు చెప్పిందంటే ఆ ట్రిప్పు ఏడు రోజులూ, ఆ తర్వాత ఏడేళ్లూ అదే మాట నడుస్తుంది. మీకిది నేను చెప్పక్కర్లేదు. అన్నకి చెప్పాల్సింది తమ్ముడు. అది కూడా అక్కడికెళ్లాక ట్రెయిల్ మొదట్లో షూ లేసులు కట్టుకుంటూ కాదు, ఇప్పుడే, ఇంట్లో కూర్చుని, ఫోన్లో. చెప్పాల్సింది రెండే ముక్కలు: "అన్నయ్యా, ఈసారి బాబు నాతోనే నడుస్తాడు. తిరిగొచ్చే టైము బయల్దేరే ముందే అనుకుందాం, ఆ టైముకి ఎక్కడున్నా వెనక్కి వచ్చేద్దాం." జూన్ సంగతి తవ్వనక్కర్లేదు. తప్పు ఒప్పించాలని చూస్తే ఆయన వాదిస్తారు, ఒప్పుకోకపోయినా మీకు పోయేదేమీ లేదు. అక్టోబర్‌లో ఏం చేస్తారన్నదే మీకు కావాలి.

అది గడియారం లెక్కే కావాలి. ఫలానా చోటు దాకా వెళ్లి వద్దాం అనుకుంటే ఆ చోటు కనబడేదాకా నడుస్తూనే ఉంటారు, కనబడ్డాక ఇంకొంచెం ముందుకి వెళ్లాలనిపిస్తుంది. పదకొండుకి వెనక్కి అనుకుంటే వాదనకి చోటుండదు. సగం నీళ్లు తాగేశాం అంటే టైము కాకపోయినా తిరగాల్సిందే. ఎడారి పార్కుల్లో మనిషికి రోజుకి గ్యాలన్ నీళ్లు, అంటే దాదాపు నాలుగు లీటర్లు ఉంచుకోమంటారు. ఎవరి సంచిలో ఎవరి నీళ్లున్నాయో కారు దగ్గరే చూసుకోండి. మీవాడి నీళ్లు మీవాడి వీపు మీదే ఉండాలి, పెదనాన్న సంచిలో కాదు.

ఒక ఉపాయం కూడా చెబుతాను, పెద్దమనుషులతో ఇది బాగా పనిచేస్తుంది. ప్రతి పార్కులోనూ మొదట విజిటర్ సెంటర్‌కి వెళ్లండి. అందరూ పక్కనుండగా, ముఖ్యంగా బావగారు పక్కనుండగా, రేంజర్‌ని అడగండి: పదమూడేళ్ల పిల్లాడున్నాడు, ఒకాయనకి మోకాలు నొప్పి, ఇవాళ ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఎన్నింటికి తిరిగి రావాలి? టోపీ పెట్టుకున్న రేంజర్ చెబితే అది సలహా. అదే మీరు చెబితే పిరికితనం. అన్యాయమే, కానీ ఏడు రోజుల ట్రిప్పులో దాన్ని సరిచేయడానికి పూనుకోకండి, వాడుకోండి.

అయినా ఆయన వినకపోతే? అప్పుడు మీరు అనాల్సిన మాట ఇది: "బావగారూ, మీరు చూసి రండి. బాబూ మేమూ ఇక్కణ్ణుంచి తిరిగి వెళ్తున్నాం." ఇందులో అనుమతి అడగడం లేదు, కారణం చెప్పడం లేదు, గౌరవం తగ్గలేదు. చెప్పేసి వెనక్కి తిరిగి నడవండి. నిలబడి చర్చ పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఆయనకి ఎక్కాలన్న సరదా ఉంటే ఎక్కనివ్వండి. జయాన్‌లో ఏంజెల్స్ ల్యాండింగ్ ఉంది. గొలుసులు పట్టుకుని ఇరుకు అంచు మీద ఎక్కే దారి, రెండు పక్కలా లోయ. 2022 ఏప్రిల్ నుంచి దానికి పర్మిట్ కావాలి, లాటరీ వేయాలి. ఆయన పేరు, స్నేహితుడి పేరు వేయించండి. వస్తే ఇద్దరూ ఒక పూట అటు పోతారు. ఆ పూట మిగతావాళ్లు షటిల్ బస్సులో చివరి స్టాప్ దాకా వెళ్లి, నది పక్కన రివర్‌సైడ్ వాక్ నడవొచ్చు. రాను పోను రెండు మైళ్ల పైచిలుకు, సిమెంటు దారి, మోకాలుకీ పర్వాలేదు. అందరూ అన్నీ కలిసే చేయాలన్న పట్టుదల దగ్గరే సగం గొడవలు మొదలవుతాయి. పొద్దున ఎవరి దారి వాళ్లు పట్టి సాయంత్రం మంట దగ్గర కలుసుకుంటే చెప్పుకోవడానికి కబుర్లైనా ఉంటాయి.

అందుకే కార్లు రెండు తీసుకోండి. అద్దె ఎక్కువవుతుందని మీ ఎక్సెల్ గోలపెడుతుంది, పెట్టనివ్వండి. ఒకే వ్యాన్‌లో ఎక్కితే ఒకరి మూడ్ అందరి మూడ్ అవుతుంది, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అందరూ ఆగాలి. ఒక్క జాగ్రత్త. బ్రైస్ నుంచి క్యాపిటల్ రీఫ్‌కి వెళ్లే హైవే 12 మీద చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. "అక్కడికెళ్లాక ఫోన్ చేస్తాలే" అన్న మాట చెల్లదు. ఎక్కడ కలుస్తారో, ఎన్నింటికి కలుస్తారో బయల్దేరే ముందే అనుకోండి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వేగాస్ నుంచి యూటాలోకి వస్తే గడియారం గంట ముందుకి జరుగుతుందని కూడా అందరికీ చెప్పండి. మొదటి రోజు సగం కోపాలు ఈ గంట దగ్గరే వస్తాయి, ఒకళ్ల చేతి గడియారం ఒకటి చెబుతుంది, ఇంకొకళ్ల ఫోన్ ఇంకోటి చెబుతుంది.

అక్క విషయంలో నేను మీ పక్షం కాదు. ఆవిడ కష్టమైన మనిషని రాశారు గానీ, టెంట్‌లో పడుకుంటావా అని ఆవిణ్ణి ఎవరైనా అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రాత్రి రెండింటికి చలిలో లేచి, టార్చ్ వేసుకుని, రాళ్లలో నడుచుకుంటూ బాత్రూమ్‌కి వెళ్లడం కొందరికి సరదా, కొందరికి నరకం. పగలంతా వంట చేసి ఆ రాత్రి అలా నడిచిన మనిషి సణగదా? బ్రైస్ క్యాన్యన్ అంచు ఎనిమిది వేల అడుగుల పైన ఉంటుంది. అక్టోబర్ రాత్రుల్లో నీళ్ల బాటిల్ గడ్డకట్టినా ఆశ్చర్యం లేదు. ఎడారి అనగానే అందరూ పల్చటి బట్టలు సర్దుకొస్తారు, తీరా అక్కడికెళ్లాక తెల్లవార్లూ వణుకుతారు. ఆవిడకి ఆ ఊళ్లలో గది తీసుకోండి. జయాన్ పక్కన స్ప్రింగ్‌డేల్, బ్రైస్ కింద ట్రాపిక్, క్యాపిటల్ రీఫ్ దగ్గర టోరీ, ఆర్చెస్ ముందు మోయాబ్, నాలుగుచోట్లా హోటళ్లున్నాయి. క్యాపిటల్ రీఫ్‌లోని ఫ్రూటా అయితే ఆవిడకి నిజంగా నచ్చుతుందనుకుంటాను. పాతకాలం వలస కుటుంబాలు నాటిన పండ్లతోటలు ఇప్పటికీ ఉన్నాయి, కాపు కాలంలో పండ్లు కోసుకోనిస్తారు, గిఫర్డ్ హౌస్ అనే పాత ఇంట్లో పళ్ల పైలు అమ్ముతారు. అక్కడికి దగ్గర్లోనే, రోడ్డు పక్కన చెక్కబాట మీద నిలబడి, రాతిగోడ మీద ఫ్రీమాంట్ అనే ప్రాచీన ఆదివాసీ జనం చెక్కిన బొమ్మలు చూడొచ్చు. కొండలెక్కే పనే లేదు.

వంట గురించి ఒక్క మాటతో వదిలేస్తాను. ఇంట్లో ఎవరు వండుతారో క్యాంప్‌లోనూ వాళ్లే వండాలని చట్టమేం లేదు. ఆరు రాత్రులకీ పేర్లు కాగితం మీద రాయండి. బావగారికో రాత్రి, స్నేహితుడికో రాత్రి, మీవారికి రెండు. వండినవాళ్లు గిన్నెలు తోమరు. ఆ రాత్రి బ్రెడ్డూ అరటిపండ్లే దొరికినా కిక్కురుమనకుండా తినండి.

స్నేహితుడి విషయం అన్నిటికన్నా తేలిక, ఎందుకంటే ఆయనకి ఎదురు చెప్పడానికి చుట్టరికం అడ్డు రాదు. క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదన్నది రూలు. స్పీకర్ ఇంట్లో పెట్టి రమ్మని మీవారు మెసేజ్ పెడితే చాలు. డ్రోన్ తెచ్చే రకమైతే అది కూడా చెప్పండి, అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్లు ఎగరేయడం నిషేధం. డబ్బు సంగతి పాత బాకీతో మొదలుపెట్టండి. అది తేలాకే కొత్త ఖర్చు. బుకింగులకి ముందే వాటా వేయించుకోండి, ట్రిప్పు అయ్యాక అడిగే డబ్బు చాలామందికి పాత కథలా అనిపిస్తుంది. ఫొటో కోసం దారి తప్పి మట్టిలోకి దిగేవాళ్లలో ఆయన ఒకడై ఉంటాడనీ నా అనుమానం. మోయాబ్ చుట్టుపక్కల నల్లగా, గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా కనిపించే మట్టి పొర ప్రాణమున్నది. సూక్ష్మజీవులూ నాచూ కలిసి ఇసుకని పట్టి ఉంచుతాయి. ఒక్క అడుగు పడి విరిగితే మళ్లీ కుదురుకోవడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. దారి మీద గానీ రాయి మీద గానీ నడవమనండి.

ఇక మిగిలింది మీరు. కోప్పడకండి, ఆ ఎక్సెల్ కూడా ఈ గుంపులో ఒక కష్టమైన మనిషే. ఏడు రోజుల్లో నాలుగు పార్కులు, టెంట్లు విప్పి కట్టడాలు, పైగా ఆఖరి రోజు మోయాబ్ నుంచి వేగాస్‌కి 450 మైళ్ల పైన డ్రైవు. ఆ దారిలో ఐ-70 హైవే మీద గ్రీన్ రివర్ అనే ఊరు దాటాక సలైనా అనే ఊరు వచ్చేదాకా 100 మైళ్లకు పైగా పెట్రోల్ బంకు కూడా లేదు. అలిసిపోయి, సరిగ్గా తినక, నీళ్లు తక్కువ తాగిన మనుషులు ఒకరినొకరు కరుస్తారు. గ్రాండ్ క్యాన్యన్‌లో ఆ సాయంత్రం మీ అందరికీ జరిగిందాన్లో ఇదీ కొంత ఉంది. ఆర్చెస్ తీసేయండి. అక్కడి రాతి తోరణం డెలికేట్ ఆర్చ్ చూడలేదన్న బాధ ఉంటుంది, తెలుసు. ఇంకోసారి మీరు ముగ్గురే వెళ్లి చూడొచ్చు. తీసేస్తే రోజున్నర మిగులుతుంది, ప్రతి మధ్యాహ్నం నీడలో పడుకోవడానికి టైము దొరుకుతుంది. ఆ గళ్లలో ఏమీ రాయకండి.

ట్రెయిల్ మీద ఎవరైనా ఉన్నట్టుండి ముభావమైతే, చిన్నదానికి అరిస్తే, మాటలతో మొదలుపెట్టకండి. నీడలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఉప్పుగా ఉన్నది ఏదైనా తినిపించండి. ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు పట్టించడం కూడా మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పల్చబడితే తలనొప్పి, వాంతులు వస్తాయి. పావుగంట ఆగితే చాలాసార్లు తగువూ ఉండదు. మాట తడబడుతున్నా, తూలుతున్నా, ఎక్కడున్నామో తెలియనట్టు చూస్తున్నా అది అలకా కాదు, అలసటా కాదు. వెంటనే తడిపి, చల్లబరిచి, సాయం పిలవాలి. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా అత్యవసర మెసేజ్ పంపే వీలుంది. ఆకాశం కనబడాలి కాబట్టి ఇరుకు లోయల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మీవారు అన్నతో మాట్లాడనంటే ఏం చేయాలని తర్వాత అడుగుతారేమో, ఇప్పుడే చెప్పేస్తాను. అప్పుడు కూడా వెళ్లండి, మీ కారులో. పగళ్లు మీరు ముగ్గురూ వేరుగా తిరగండి, రాత్రి భోజనానికి కలవండి. మీవాడి విషయంలో "పెదనాన్నతో పంపించు" అని ఎవరన్నా వద్దనే చెప్పండి, మీవారు అన్నా సరే.

ఈ వారంలో చేయాల్సినవి: ఆర్చెస్ క్యాంప్ సైటు రద్దు చేయండి. బుకింగ్ సైటువాళ్లు రద్దుకి 10 డాలర్లు పట్టుకుంటారు, చివరి రోజు దాకా ఆగితే ఒక రాత్రి అద్దె కూడా పోతుంది. బ్రైస్‌లో ఆ రాత్రులకి ట్రాపిక్‌లో గది ఖాళీ ఉందేమో చూడండి. బుక్ చేసే ముందు అక్కకి ఫోన్ చేసి, అసలు ఆవిడకి ఏం చూడాలనుందో అడగండి.